నాయనమ్మకి స్మార్ట్‌వాచ్ కొనిచ్చా.. ఆమె బీపీ బిళ్లలు మానేసింది!

నేను ఎప్పుడూ ఫోన్లు, ఇయర్‌బడ్స్, పవర్ బ్యాంకుల గురించే రాస్తుంటా కదా. ఈసారి టాపిక్ కొంచెం వేరు. ఒక గ్యాడ్జెట్ వల్ల మా ఇంట్లో పెద్ద ప్రమాదమే జరగబోయి తప్పిపోయింది. అందులో వాచీ తప్పు సగం, నా తప్పు సగం. ఇంట్లో పెద్దవాళ్లకి హెల్త్ గ్యాడ్జెట్ గిఫ్ట్ ఇద్దామని అనుకుంటున్నవాళ్లు దీన్ని చివరిదాకా చదవండి.

మాది హంసలదీవి. దివిసీమలో చిట్టచివర, కృష్ణమ్మ సముద్రంలో కలిసేచోట ఉంటుంది. నేను బీటెక్ అయ్యాక హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ జాబ్ చేస్తున్నా. ఊళ్లో మా నాయనమ్మ ఉంటుంది. వయసు 71, బీపీ వచ్చి చాలా ఏళ్లయింది. పోయిన సంక్రాంతికి ఊరెళ్తూ ఆన్‌లైన్ సేల్‌లో రెండు వేల లోపు ధరకి ఒక స్మార్ట్‌వాచ్ కొన్నా. హార్ట్ రేట్, ఆక్సిజన్, నిద్ర, స్టెప్స్, వీటన్నిటితో పాటు బీపీ కూడా చూపిస్తుందని బాక్స్ మీద ఉంది. నాయనమ్మ చేతికి కట్టి, బీపీ స్క్రీన్ ఎలా ఓపెన్ చేయాలో నేర్పించా. ఊరంతా చూపించుకుంది పాపం.

మళ్లీ మాఘ పౌర్ణమికి వెళ్లా. వేణుగోపాలస్వామి కల్యాణం, సముద్ర స్నానాలు, ఊరంతా జనం. ఇంట్లో చూస్తే నాయనమ్మ బీపీ బిళ్లల షీట్లు బీరువా మీద ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. అడిగితే ఏమందో తెలుసా?

"వాచీ రోజూ నూట ఇరవయ్యే అంటోంది కదరా చిన్నా! బీపీ లేనప్పుడు ఇంకెందుకు బిళ్లలు? ఊరికే వేడి చేస్తున్నాయి."

రెండు వారాలకు పైగా మానేసింది. నాలుగు రోజులుగా తలనొప్పి అట, ఎండకేమో అనుకుందట. వెంటనే పీహెచ్‌సీకి తీసుకెళ్లా. డాక్టర్ గారు పట్టీ చుట్టి చూస్తే 178/96. అదే నిమిషంలో వాచీ చూపించింది 122/79. ఆయన రెండోసారి కొలిచారు. పెద్ద తేడా లేదు. వాచీ విప్పించి నా చేతికిచ్చి, "ఇది టైం చూసుకోడానికి బాగుంటుంది" అన్నారు. అంతే, ఇంకేమీ అనలేదు. నాకు మాత్రం తల కొట్టేసినట్టయింది.

ఇంటికొచ్చాక ఇంజనీర్ బుద్ధి ఊరుకోదు కదా. ఆ వాచీని తీసి చక్కెరకేళి పండుకి కట్టా. అరటిపండు బీపీ 117/76 వచ్చింది!

అసలు వాచీ బీపీని ఎలా "కొలుస్తుంది"?

ముందు పట్టీ మెషీన్ సంగతి చూద్దాం. పట్టీలోకి గాలి ఎక్కిస్తే జబ్బలో ఉన్న రక్తనాళం కాసేపు మూసుకుపోతుంది. తర్వాత గాలిని నెమ్మదిగా వదులుతుంటే, రక్తం మళ్లీ కొట్టుకుంటూ పారడం మొదలవుతుంది. ఆ కొట్టుకోవడం పట్టీలోని గాలిని కూడా కదిలిస్తుంది. ఆ కదలికలు ఎంత ప్రెషర్ దగ్గర ఎలా మారాయో చూసి మెషీన్ పై అంకె, కింద అంకె లెక్కేస్తుంది. అంటే ఇక్కడ నిజంగా ఒక ప్రెషర్‌ని ఇంకో ప్రెషర్‌తో తూస్తున్నాం.

వాచీలో గాలీ లేదు, ప్రెషరూ లేదు. వెనకాల ఆకుపచ్చ ఎల్‌ఈడీ, పక్కన ఒక లైట్ సెన్సర్ ఉంటాయి. గుండె కొట్టుకున్నప్పుడల్లా చర్మం కింద రక్తం పెరిగి తగ్గుతుంది, దాన్నిబట్టి తిరిగొచ్చే వెలుతురు మారుతుంది. ఆ వెలుతురు అలని పల్స్ వేవ్ అంటారు. హార్ట్ రేట్‌కి ఇది చక్కగా సరిపోతుంది, ఎందుకంటే అక్కడ అలల్ని లెక్కపెడితే చాలు. బీపీకి మాత్రం ఆ అల ఆకారాన్ని చూసి లోపల ప్రెషర్ ఎంతుందో ఊహించాలి.

మా ఊరి భాషలో చెప్తా. పొలానికి ఇంజన్‌తో నీళ్లు తోడేటప్పుడు రబ్బరు పైపు ఉబ్బుతుంది కదా. ఆ ఉబ్బు చూసి లోపల ప్రెషర్ ఎంతో చెప్పమంటే? కొత్త పైపు ఒకలా ఉబ్బుతుంది. ఎండకి ఎండి గట్టిపడిన పాత పైపు అదే ప్రెషర్‌కి ఉబ్బనే ఉబ్బదు. మన రక్తనాళాలు కూడా వయసుతో అలాగే గట్టిపడతాయి. అంటే ఈ ఊహ తప్పే అవకాశం ఎవరి దగ్గర ఎక్కువ? బీపీ ఎవరికి ఎక్కువో వాళ్ల దగ్గరే!

మరి ఖరీదైన వాచీల సంగతేంటి?

"బ్రో, నువ్వు చీప్ వాచీ కొన్నావు, అందుకే" అంటారని తెలుసు. నిజమే, మంచి బ్రాండ్లు ఇంత దారుణంగా ఉండవు. కానీ వాటికీ పరిమితులున్నాయి.

శాంసంగ్ గెలాక్సీ వాచ్‌లో బీపీ ఫీచర్ వాడాలంటే ముందు పట్టీ మెషీన్‌తో కొలిచి ఆ అంకెలు ఎంటర్ చేయాలి. ప్రతి 28 రోజులకీ మళ్లీ చేయాలి. అంటే వాచీ కొన్నా పట్టీ మెషీన్ తప్పదు. ఈ వాచీల్లో ఒక మోడల్‌ని బెల్జియంలో పరీక్షించి 2022లో రిజల్ట్స్ ఇచ్చారు. వాచీ రీడింగులు మనం ఎంటర్ చేసిన అంకె వైపే లాగుతున్నాయని తేలింది. బీపీ నిజంగా ఎక్కువున్నప్పుడు తక్కువ చూపిస్తోంది, తక్కువున్నప్పుడు ఎక్కువ చూపిస్తోంది. బిళ్ల మానేశాక బీపీ పైకి పోతే పట్టుకోవాల్సిన వాచీ, పాత అంకె చుట్టూనే తిరుగుతుందన్నమాట.

ఆపిల్ వేరే దారి పట్టింది. 2025 సెప్టెంబర్‌లో అమెరికా ఎఫ్‌డీఏ అనుమతితో వచ్చిన వాళ్ల ఫీచర్ అసలు బీపీ అంకె చూపించదు. 30 రోజుల డేటా చూసి "మీకు హై బీపీ ఉండొచ్చు" అని నోటిఫికేషన్ మాత్రమే ఇస్తుంది. ఇది నిజాయితీగా ఉంది. కానీ ఆపిల్ సొంతంగా చేసిన పరీక్షలోనే, హై బీపీ ఉన్న పదిమందిలో సుమారు నలుగురినే అది పట్టుకుంది. నోటిఫికేషన్ వస్తే పట్టించుకోవాలి. రాకపోతే బీపీ లేదని మాత్రం అనుకోకూడదు.

డాక్టర్ల సంఘాలు కూడా ఇదే చెప్తున్నాయి. పట్టీ లేని పరికరాలతో బీపీని నిర్ధారించొద్దని, మందులు మార్చొద్దని యూరోపియన్ హైపర్‌టెన్షన్ సొసైటీ 2023 గైడ్‌లైన్స్‌లో రాసింది. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2025 గైడ్‌లైన్స్ కూడా ఇప్పటికైతే వీటి మీద ఆధారపడొద్దనే అంటున్నాయి.

గ్యాడ్జెట్ కరెక్ట్‌గా ఉంటే చాలా?

ఇక్కడిదాకా చదివి "సరే, వాచీ పక్కన పెట్టి మంచి మెషీన్ కొంటే ప్రాబ్లమ్ సాల్వ్" అనుకుంటున్నారా? నేనూ అలాగే అనుకున్నా. తర్వాత మన పక్క జిల్లాలోనే జరిగిన ఒక రీసెర్చ్ కంటపడింది. టెక్ మీద పిచ్చి ఉన్న ప్రతి ఒక్కరూ తెలుసుకోవాల్సిన కథ ఇది.

ముందు కొంచెం బ్యాక్‌గ్రౌండ్. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో, లక్షా 80 వేల జనాభాలో, ఎవరు దేనివల్ల చనిపోతున్నారో ఇంటింటికీ తిరిగి లెక్క తీశారు. మొత్తం 1,354 మరణాలు. పల్లెటూళ్లు కదా, జ్వరాలు, విరేచనాలు ఎక్కువేమో అనుకుంటాం. కానీ 32 శాతం మంది గుండెపోటు, పక్షవాతం లాంటి గుండె, రక్తనాళాల జబ్బులతోనే పోయారు. అంటువ్యాధుల వాటా 12 శాతమే. పచ్చటి పొలాల మధ్య, కష్టం చేసుకునే మనుషులున్న చోట లెక్క ఇది.

దీనికి టెక్నాలజీతో సమాధానం వెతికిన ప్రాజెక్ట్ పేరు స్మార్ట్‌హెల్త్ ఇండియా. జార్జ్ ఇన్‌స్టిట్యూట్ ఫర్ గ్లోబల్ హెల్త్ వాళ్లు పశ్చిమ గోదావరి జిల్లాలో 18 పీహెచ్‌సీలు, 54 గ్రామాల్లో చేశారు. డిజైన్ చూస్తే మనలాంటివాళ్లకి నోరూరుతుంది:

- ఆశా వర్కర్ చేతికి ఆండ్రాయిడ్ ట్యాబ్లెట్, పట్టీ ఉన్న డిజిటల్ బీపీ మెషీన్.
- ఇంటింటికీ వెళ్లి 40 ఏళ్లు దాటినవాళ్లకి బీపీ చూడటం, పొగతాగే అలవాటు, షుగర్ లాంటి వివరాలు ఎంటర్ చేయడం.
- గుండెపోటు, పక్షవాతం వచ్చే రిస్క్ ఎంతుందో యాప్ అక్కడికక్కడే లెక్కేసి చెప్పడం.
- రిస్క్ ఎక్కువున్నవాళ్ల డేటా పీహెచ్‌సీ డాక్టర్ దగ్గరికి చేరడం, ఏ మందు మొదలుపెట్టాలో ఆయనకి కూడా యాప్ సలహా ఇవ్వడం.
- మందులు, ఫాలోఅప్ గుర్తుచేస్తూ పేషెంట్‌కి ఫోన్‌లో వాయిస్ కాల్స్.

62 వేల మందికి పైగా చూశారు. అందులో ఎనిమిదిన్నర వేల మందికి పైగా హై రిస్క్ అని తేలింది. పదో తరగతి వరకు చదివిన ఆశా అక్కలు ఇంత పనిని ట్యాబ్‌లో చేసి చూపించారు. ఇదే ఒక పెద్ద విజయం.

మరి బీపీ తగ్గిందా? 2019 మార్చిలో ప్లాస్ వన్ జర్నల్‌లో రిజల్ట్ వచ్చింది. యాప్ నడిచిన కాలంలో బీపీ కంట్రోల్‌లో ఉన్నవాళ్లు 41 శాతం. యాప్ లేని కాలంలో 39 శాతం. మిగతా అంశాలన్నీ సర్ది లెక్కేస్తే తేడా సున్నా అనే చెప్పాలి.

ఒక్కసారి ఆలోచించండి. మెషీన్ కరెక్టే. యాప్ పనిచేసింది. డేటా చేరింది. బీపీ మాత్రం తగ్గలేదు!

బగ్ ఎక్కడుంది?

మన భాషలో చెప్పాలంటే ఫ్రంటెండ్ సూపర్, బ్యాకెండ్ నుంచి రెస్పాన్స్ లేదు. ఆశా అక్క "మీకు రిస్క్ ఎక్కువ, డాక్టర్ దగ్గరికి వెళ్లండి" అని చెప్తుంది. తర్వాత ఏం జరగాలి? ఆ మనిషి ఒకరోజు కూలి పోగొట్టుకుని బస్సెక్కాలి. వెళ్లిన రోజు డాక్టర్ ఉండాలి. స్టాక్‌లో మందుండాలి. నెలకి సరిపడా ఇవ్వాలి. అయిపోయాక మళ్లీ వెళ్లాలి. ఒంట్లో ఏ బాధా లేకపోయినా రోజూ వేసుకోవాలి. ఈ గొలుసులో ఒక్క లింకు తెగినా, ముందున్న ట్యాబ్లెట్ ఎంత స్మార్ట్‌గా ఉన్నా రిజల్ట్ ఒకటే. పైగా ఆశా వర్కర్‌కి స్వయంగా మందు రాసే అధికారం లేదు.

తర్వాత 2021లో వచ్చిన ఇంకో పేపర్ దీన్నే లోతుగా చూసింది. ఒకే యాప్, ఒకే ట్రైనింగ్, అయినా కొన్ని పీహెచ్‌సీల్లో బాగా పనిచేసింది, కొన్నింటిలో చేయలేదు. తేడా కోడ్‌లో లేదు, అక్కడి మనుషుల్లో, టీమ్ పనిచేసే తీరులో ఉందన్నమాట.

ఇదే స్మార్ట్‌హెల్త్ పద్ధతిని ఇండోనేషియాలో మలాంగ్ జిల్లా గ్రామాల్లో కూడా పెట్టారు. అక్కడ ఊరి వాలంటీర్లతో పాటు నర్సులు, డాక్టర్లు కూడా ఒకే గొలుసులో ఉన్నారు. రిజల్ట్ చూడండి: హై రిస్క్ ఉన్నవాళ్లలో బీపీ మందు వాడుతున్నవాళ్లు ప్రోగ్రామ్ ఉన్న గ్రామాల్లో 57 శాతం, లేని గ్రామాల్లో 16 శాతం. పై బీపీ కూడా సగటున 8 పాయింట్లు ఎక్కువ తగ్గింది. ఐడియా అదే. మందు నోట్లోకి చేరింది, బీపీ దిగింది.

ఈ సంగతంతా నాయనమ్మకి చెప్పా. ఆమెకి యాప్ అంటే సరిగ్గా తెలీదు. కానీ 1977 ఉప్పెన చూసిన మనిషి. విని ఒకటే అంది: "తుఫాను వస్తోందని మైకులో చెప్తే సరిపోద్దంట్రా? ఎక్కడానికి షెల్టరుండాలి కదా!"

ఆరు నెలలు రీసెర్చ్ పేపర్లు చదివినా నేను ఇంత క్లియర్‌గా చెప్పలేను.

సింపుల్‌గా ఉంటే పనిచేస్తుందా?

టెక్ వేస్ట్ అని నేననట్లేదు. ఇండియా హైపర్‌టెన్షన్ కంట్రోల్ ఇనిషియేటివ్ అని ఒక ప్రభుత్వ కార్యక్రమం ఉంది. 2017 నవంబర్‌లో ఐదు రాష్ట్రాల్లో 25 జిల్లాలతో మొదలైంది, అందులో తెలంగాణ కూడా ఉంది. ఇక్కడ వరస తిరగేశారు. ముందు మందుల సప్లై, ఎవరికి ఏ మందు ఏ డోసులో ఇవ్వాలో ఒకే పద్ధతి, డాక్టర్ లేని రోజు కూడా నర్సు ఫాలోఅప్ చేసే ఏర్పాటు. యాప్ వీటికి తోడు మాత్రమే.

ఆ యాప్ పేరే సింపుల్. ఓపెన్ సోర్స్ ఆండ్రాయిడ్ యాప్. పేరుకి తగ్గట్టే, పాత పేషెంట్ మళ్లీ వచ్చినప్పుడు ఎంట్రీకి సాధారణంగా 13 సెకన్లు పడుతుంది. రావాల్సిన రోజు రానివాళ్ల లిస్టు ఇస్తుంది, నర్సు ఫోన్ చేసి పిలుస్తుంది. ఏఐ లేదు, గ్రాఫ్‌ల హడావుడి లేదు. ఫీచర్ లిస్టులో పెట్టుకోడానికి ఏమీ ఉండదు. కానీ గొలుసులో తెగే లింకు ఏదో చూసి అక్కడే ముడేసింది. ఈ కార్యక్రమానికి 2022లో ఐక్యరాజ్యసమితి అవార్డు కూడా వచ్చింది.

ఐసీఎంఆర్ ఇండియాబ్ సర్వే 2023లో చెప్పిన లెక్క ప్రకారం మన దేశంలో పెద్దవాళ్లలో 35.5 శాతం మందికి హై బీపీ ఉంది. అంటే మీ ఇంట్లో ముగ్గురు పెద్దలుంటే ఒకరికి ఉండే ఛాన్స్ ఉంది. కాబట్టి ఇది మీ ఇంటి టాపిక్ కూడా.

ఇంట్లో కరెక్ట్‌గా కొలవడం ఎలా?

మంచి మెషీన్ ఉన్నా తప్పుగా కొలిస్తే తప్పు అంకే వస్తుంది. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వాళ్లు 2024లో చేసిన స్టడీలో, చెయ్యి బల్ల మీద కాకుండా ఒళ్లో పెట్టుకుంటే పై బీపీ దాదాపు 4 పాయింట్లు, పక్కకి వేలాడేస్తే ఆరున్నర పాయింట్లు ఎక్కువ చూపించింది. పట్టీ సైజు కూడా ముఖ్యమే. 2023లో వచ్చిన ఇంకో స్టడీలో, అతిపెద్ద పట్టీ కావాల్సినవాళ్లకి మామూలు పట్టీ చుడితే పై బీపీ 19 పాయింట్లకి పైగా ఎక్కువ వచ్చింది! లేని బీపీకి బిళ్లలు మింగినట్టవుతుంది.

అందుకే ఈ చెక్‌లిస్ట్ స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి:

1. మణికట్టుకి కాకుండా జబ్బకి చుట్టే పట్టీ మెషీన్ కొనండి. కొనేముందు స్ట్రైడ్ బీపీ వెబ్‌సైట్‌లో ఆ మోడల్ పరీక్షల్లో పాసైందో లేదో చూడండి.
2. జబ్బ చుట్టుకొలత టేపుతో కొలిచి, దానికి సరిపోయే పట్టీ తీసుకోండి.
3. కొలిచే ముందు అరగంట టీ, కాఫీ, సిగరెట్ వద్దు. బాత్రూమ్‌కి వెళ్లొచ్చి, ఐదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి.
4. వీపుకి ఆనుడు ఉండాలి. కాళ్లు నేలమీద ఆనాలి, కాలు మీద కాలు వేయొద్దు. చెయ్యి బల్ల మీద, గుండె ఎత్తులో ఉండాలి. పట్టీ చొక్కా మీద కాకుండా చర్మం మీదే చుట్టాలి.
5. కొలిచేటప్పుడు మాటలు వద్దు. సీరియల్ కూడా ఆపేయండి.
6. పొద్దున రెండుసార్లు, సాయంత్రం రెండుసార్లు, నిమిషం గ్యాప్‌తో. ఇలా వారం రోజులు రాసి, సగటు తీసి డాక్టర్‌కి చూపించండి. ఇంట్లో సగటు 135/85 లేదా అంతకన్నా ఎక్కువుంటే హై బీపీ కిందే లెక్క.
7. అన్నిటికన్నా ముఖ్యం: రీడింగ్ నార్మల్ వచ్చిందంటే బిళ్ల పనిచేస్తోందని అర్థం. బిళ్ల అక్కర్లేదని కాదు. మానడం, తగ్గించడం డాక్టర్ చెప్తేనే.

ఒకవేళ ముఖం ఒకవైపు వంకర పోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట తడబడటం కనిపిస్తే బీపీ కొలుస్తూ కూర్చోవద్దు. వెంటనే 108కి ఫోన్ చేయండి.

ఫైనల్‌గా ఏం చేశా?

నాయనమ్మకి జబ్బకి కట్టే మెషీన్ కొన్నా. మొదటిసారి మంచం మీద కూర్చుని, చెయ్యి ఒళ్లో పెట్టుకుని చూసుకుంది. ఇప్పుడు కుర్చీ, బల్ల ఏర్పాటు చేశాం. రీడింగులు రాయడానికి యాప్ పెట్టలేదు. గోడకున్న క్యాలెండర్‌లో ఆ రోజు గడిలోనే రాస్తుంది. 104 బండి వచ్చే రోజుకి ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి పెట్టింది. ఎన్ని బిళ్లలు మిగిలాయో ఆదివారం ఆదివారం నేను వీడియో కాల్‌లో షీట్ చూసి లెక్కపెడతా. పది కన్నా తక్కువుంటే ఆశా అక్కకి ఫోన్ చేస్తా. ప్రస్తుతానికి మా ఇంటి సిస్టమ్ ఇంతే. క్యాలెండర్, పెన్ను, ఒక ఫోన్ కాల్. పోయిన వారం సగటు 134/80 వచ్చింది.

వాచీని పారేయలేదు. నాయనమ్మ చేతికే ఉంది. టైం చూసుకుంటుంది, రాత్రి ఎనిమిదికి వైబ్రేట్ అయితే బిళ్ల వేసుకుంటుంది. సెట్టింగ్స్‌లోకి వెళ్లి బీపీ స్క్రీన్ ఒక్కటే తీసేశా.

మీరు ఇంటికి గ్యాడ్జెట్ కొనేటప్పుడు ఒక్క ప్రశ్న వేసుకోండి. ఈ స్క్రీన్ మీద అంకె తేడాగా వస్తే, తర్వాత ఎవరు ఏం చేస్తారు? దానికి మీ దగ్గర జవాబుంటే కొనండి. లేకపోతే ముందు ఆ జవాబు రెడీ చేసుకుని, తర్వాత సేల్ చూడండి.